క్రూగర్ సఫారీకి వెళ్తున్నారా? ముందు ఫోన్‌లో ఈ సెట్టింగ్ ఆఫ్ చేయండి

సఫారీ ప్లాన్ చేసేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏ ఫోన్‌లో జూమ్ బాగుంటుంది? దాని గురించి కాసేపట్లో చెప్తాం. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకు వెళ్తుంటే మాత్రం అంతకంటే ముందు కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి. ఇదంతా ఖడ్గమృగాల కోసం.

కొమ్ము కోసం 2014లో ఒక్క ఏడాదిలోనే దక్షిణాఫ్రికాలో 1,215 ఖడ్గమృగాలను వేటగాళ్లు చంపేశారు. వాటిలో ఎక్కువ భాగం క్రూగర్‌లోనివే. లొకేషన్ ఆన్‌లో ఉంటే మీరు తీసే ప్రతి ఫొటో ఫైల్‌లోనూ జీపీఎస్ పాయింట్, తేదీ, టైమ్ చేరిపోతాయి. ఆ జంతువు ఎక్కడ తిరుగుతోందో వెతికేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

శాంసంగ్‌లో అయితే కెమెరా సెట్టింగ్స్‌లోనే 'లొకేషన్ ట్యాగ్స్' ఉంటుంది. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా వరకూ వెళ్లి 'నెవర్' పెట్టాలి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే లొకేషన్ వివరాలు పోతాయి. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపారనుకోండి, అన్నీ అలాగే వెళ్తాయి. ఇక ఫొటోలో రోడ్డు నంబరు బోర్డు కనిపిస్తున్నా, వీడియోలో పక్కసీటు ఆయన "ఇప్పుడే స్కుకుజా దాటాం" అంటున్నా ఏ సెట్టింగూ కాపాడలేదు. ఖడ్గమృగం ఫొటోలను ట్రిప్ అయ్యాక ఎక్కడ తీశారో చెప్పకుండా పెట్టుకోండి.

సైటింగ్ యాప్స్ సంగతి ఇంకోటి. సింహం ఎక్కడ కనిపించిందో సందర్శకులే ఒకరికొకరు చెప్పుకునే యాప్స్ ఇవి. కార్లు అతి వేగంగా వెళ్లడం, ఒకేచోట గుమిగూడటం, జంతువులు కార్ల కింద పడటం చూసి పార్కు అధికారులు 2016లో వీటిని గట్టిగా వ్యతిరేకించారు. మా మాట అడిగితే ఇన్‌స్టాల్ చేయకపోవడమే మేలు. నోటిఫికేషన్ వెంట పరిగెత్తడానికి అంత ఖర్చుపెట్టి వెళ్లక్కర్లేదు కదా! డ్రోన్ అయితే ఇంట్లోనే వదిలేయండి, పార్కులో నిషేధం.

ఇప్పుడు జూమ్. ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్, గెలాక్సీ ఎస్24 అల్ట్రా లాంటి ఫోన్లలో 5ఎక్స్ లెన్స్ అంటే కెమెరా లెక్కలో సుమారు 110 నుంచి 120 ఎంఎం. రోడ్డు పక్కన నిలబడ్డ ఏనుగుకు, జిరాఫీకి అది చాలు. దూరంగా చెట్టు మీదున్న చిరుతకు 400 ఎంఎం కావాలి. అక్కడ ఫోన్ డిజిటల్ జూమ్ ఇచ్చేది మచ్చలున్న పసుపు ముద్దే. సఫారీ కోసమని లక్ష దాటిన కొత్త ఫోన్ కొనే బదులు కెమెరా, లెన్స్ అద్దెకు తీసుకోండి. పక్కన ఒక 8x42 బైనాక్యులర్స్ పెట్టుకోండి. ఇంజిన్ ఆపి, గుడ్డ సంచిలో కాస్త బియ్యం పోసి కిటికీ అంచున పెడితే అదే మీ ట్రైపాడ్.

క్రూగర్‌లో సొంతంగా కారు నడుపుకోవచ్చు, మనలాగే ఎడమవైపు డ్రైవింగే. వెళ్లడానికి మే నుంచి సెప్టెంబర్ మంచి సమయం. వానలుండవు, గడ్డి పలచబడుతుంది, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. పెద్ద క్యాంపులు దాటితే సిగ్నల్‌ను నమ్మలేం కాబట్టి మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. అది చూపించే టైమ్‌ను మాత్రం పట్టించుకోవద్దు. తారురోడ్డు మీద గరిష్ఠ వేగం 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్లు. మధ్యలో ఆగుతూ వెళ్తారు కాబట్టి గంటకు 25 లెక్కేసుకోండి. జూన్, జులైల్లో గేట్లు సాయంత్రం 5:30కే మూసేస్తారు, ఆలస్యమైతే ఫైన్.

ఛార్జర్ విషయం. అక్కడి సాకెట్లు ఎక్కువగా మన ఇంట్లో ఏసీకి, గీజర్‌కు ఉండే పెద్ద మూడు రంధ్రాల రకమే. ఫోన్ ఛార్జర్ పిన్ అందులో సరిగ్గా పట్టదు. మన ఎలక్ట్రికల్ షాపులో దొరికే కన్వర్షన్ ప్లగ్ ఒకటి బ్యాగులో వేసుకుంటే సరిపోతుంది.