రెండో స్టంట్ పతంగి కొంటున్నారా? ముందు మీ ఊరి గాలి చూడండి

దుబాయ్‌లోనో జిద్దాలోనో పనిచేసే మామూ సెలవుకు వస్తూ పెట్టెలో ఒక రెండు తాళ్ల పతంగి పెట్టుకొస్తాడు. వేసవిలో విశాఖ వెళ్లినప్పుడు ఆర్కే బీచ్‌లో పిల్లలు దాన్ని చేత పడతారు. మొదటి రోజంతా ముక్కు ఇసుకలో గుచ్చుకోవడమే. నాలుగో రోజుకల్లా కుడికో చుట్టు, ఎడమకో చుట్టు, అడ్డంగా ఒక గీత, మెల్లగా దించడం వచ్చేస్తాయి. చింతపల్లికి తిరిగొచ్చాక మొదలవుతుంది అసలు గొడవ: "అబ్బా, ఇంకో పతంగి కావాలి, దీంతో స్టంట్లు రావట్లేదు."

మొదటిది రెండు మూడు వేలలో వచ్చి ఉంటుంది. రెండోది అలా కాదు. కాస్త పేరున్న కంపెనీల పతంగులు విదేశాల్లో వంద డాలర్ల చుట్టుపక్కల మొదలై మూడు వందల దాకా వెళ్తాయి. ఇక్కడికి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ సుంకం అదనం. అంత డబ్బు పెట్టాక అది బీరువా మీదకు చేరిందంటే పిల్లల షౌక్ కూడా దానితోనే అటకెక్కుతుంది. చాలా ఇళ్లలో అలా చేరేది పతంగి చెడ్డదై కాదు. మన గాలికి అది సరిపడక.

అమ్మేవాళ్లు చూపించే వీడియోలు చాలావరకు సముద్రం ఒడ్డున తీసినవే. బీచ్‌లో మధ్యాహ్నానికి నేల సముద్రం కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, నీటి మీది చల్లగాలి ఒడ్డు వైపు వస్తుంది. దారిలో చెట్టూ గోడా ఏమీ అడ్డం లేవు కాబట్టి సాఫీగా, ఒకే తీరుగా వస్తుంది. జుహర్ తర్వాత మొదలుపెడితే అసర్ దాటేదాకా హాయిగా ఎగరేసుకోవచ్చు.

చింతపల్లి లెక్క వేరు. ఊరు సముద్ర మట్టానికి 800 మీటర్ల పైన, కొండల మధ్య ఉంది. చలికాలం పొద్దున్నే లంబసింగి దగ్గర మంచు ఎలా కదలకుండా కూర్చుంటుందో అందరికీ తెలుసు. మంచు కదలట్లేదంటే గాలి లేదనే అర్థం. ఎండెక్కి నేల వేడయ్యాక గాలి లేస్తుంది గానీ నిలకడగా రాదు. వేడెక్కిన వాలు వెంట పైకి పాకుతుంది, కాసేపు తోస్తుంది, కాసేపు పూర్తిగా ఆగుతుంది. పొద్దు వాలాక చల్లబడిన గాలి అదే వాలు మీద కిందికి జారుతుంది. అంటే మధ్యాహ్నం ఒక దిక్కు, సాయంత్రం ఇంకో దిక్కు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి బలం ఉంటుంది, కానీ వెంట వానను తెస్తుంది.

దీనికి తోడు చెట్లు. కాఫీ తోటలకు నీడగా పెంచే సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వరుసగా ఉంటాయి. గాలికి అడ్డుగా నిలిచిన దేనికైనా వెనక వైపు గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు అడ్డం ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ దూరం ఉంటాయి. 20 మీటర్ల చెట్ల వరుస ఉంటే దాని వెనక 150 మీటర్ల దాకా ఎంత ఖరీదైన పతంగి అయినా తాగినవాడిలా తూలుతుంది. పిల్లవాడు తనకు చేతకావట్లేదనుకుంటాడు. నిజానికి నిలబడ్డ చోటే తప్పు. చెట్ల నుంచి దూరంగా, కోతలైపోయిన పొలంలోనో పెద్ద మైదానంలోనో గాలి వచ్చే వైపు ఖాళీగా ఉండేలా చూసుకుని నిలబడితే, అదే పాత పతంగి సగం బాగుపడుతుంది.

కొనే ముందు రెండు వారాలు ఒక పని చేయండి. ఎగరేసే చోట నిలువెత్తు కన్నా పొడవైన వెదురు గడ పాతి, చివర సన్నటి రిబ్బన్ కట్టండి. రోజూ అసర్ వేళ పది నిమిషాలు చూసి పిల్లల చేతే నోట్‌బుక్‌లో రాయించండి. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్ల వేగం. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా ఊగుతూ, తేలికపాటి జెండా విచ్చుకుంటే 12 నుంచి 19. దుమ్ము లేచి చిన్న కొమ్మలు కదిలితే 20 నుంచి 28. రిబ్బన్ ఒక దిక్కుకే ఉందా, చుట్టూ తిరుగుతోందా అన్నదీ రాయాలి. నా దృష్టిలో కంపెనీ పేరు కన్నా ఈ నోట్‌బుక్కే ఎక్కువ పనికొస్తుంది.

ఈ అంకెలు ఎందుకంటే, గాలి వేగం రెట్టింపైతే పతంగి లాగే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 10 కిలోమీటర్ల గాలిలో ముచ్చటగా ఆడేది 20లో చేతులు పీకేస్తుంది. అదే 5లో లేవనే లేవదు. ఇంకో చిన్న సంగతి, మన ఎత్తులో గాలి సముద్ర తీరంలో కన్నా సుమారు 8 శాతం పలచన. పెద్ద తేడా ఏం కాదు గానీ అది కూడా తేలికపాటి పతంగి వైపే మొగ్గుతుంది.

ఇక మొదటి పతంగితో స్టంట్లు రావట్లేదన్న ఫిర్యాదు. ఇందులో నిజం ఉంది. హైదరాబాద్‌లో ధూల్‌పేట పతంగులు, సంక్రాంతి పేచ్‌లు చూసినవాళ్లకు ఢీల్ అంటే చెప్పక్కర్లేదు. కాగితం పతంగి దారం లాగితే ముక్కు ఎటుంటే అటు దూసుకుపోతుంది, వదిలితే చుట్టు తిరుగుతుంది. స్టంట్ పతంగిలోనూ అంతే. మొదట నేర్చుకునేవన్నీ లాగడంతో వచ్చేవి. కుడి చేయి లాగితే కుడికి, ఎడమ చేయి లాగితే ఎడమకి. రెండో మెట్టులో వచ్చేవన్నీ వదలడంతో. యాక్సెల్ అనే స్టంట్ చూడండి: పతంగిని గాలిలో ఒక్క క్షణం నిలబెట్టి, ఒక తాడుకు చిన్న కుదుపు ఇచ్చి, వెంటనే చేతులు రెండూ ముందుకు చాపి ఢీల్ ఇవ్వాలి. పతంగి నేలకు సమాంతరంగా పడుకుని ఒక చుట్టు తిరిగి మళ్లీ లేస్తుంది. ఫేడ్‌లో అది వీపు మీద తేలుతుంది. యో-యోలో తాళ్లు పతంగికే చుట్టుకుని మళ్లీ విప్పుకుంటాయి. పేచ్ ఆడిన చేయికి ఇవి తొందరగా పట్టుబడతాయని నా నమ్మకం. కాబట్టి ఇంట్లో దాదాజాన్‌ను కూడా మైదానానికి తీసుకెళ్లండి.

చవక పతంగి ఢీల్ ఇస్తే కోలుకోదు. రాడ్లు బరువు, గుడ్డ పలకలా చదునుగా ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన కొసలకు తాళ్లు చిక్కుతాయి. మంచి పతంగిలో గుడ్డను వెనక్కి ఉబ్బేలా నిలబెట్టే స్టాండాఫ్ పుల్లలు, అంచు పటపటలాడకుండా బిగించే సన్నటి తాడు, తాళ్లు పట్టుకోకుండా నున్నగా చేసిన కొసలు ఉంటాయి. ఫొటోలో రంగులు కాదు, ఇవి చూడాలి.

అయినా ఆగి ఒక పరీక్ష పెట్టండి. నిలకడైన గాలిలో మీవాడు గానీ మీ అమ్మాయి గానీ పాత పతంగితో మూలలు తిరిగేలా ఒక చతురస్రం గీయగలరా? గాలిలో రెండు సెకన్లు కదలకుండా ఆపగలరా? రెండు రెక్కల కొసల మీద దించగలరా, అదీ కుడి వైపూ ఎడమ వైపూ కూడా? ఈ మూడూ వస్తే రెండోది కొనే వేళ అయింది. రాకపోతే ముందు తాళ్లు మార్చండి.

తాళ్ల గురించి అమ్మేవాళ్లు తక్కువ చెబుతారు. చవక సెట్లలో వచ్చే తాడు సాగుతుంది. చేయి ఇప్పుడు లాగితే పతంగికి కాసేపటికి తెలుస్తుంది. డైనీమా, స్పెక్ట్రా అనే పేర్లతో దొరికే తాడు దాదాపు సాగదు, పైగా ఎంత నున్నగా ఉంటుందంటే నాలుగైదు మెలికలు పడినా తాళ్లు ఒకదానిపై ఒకటి జారుతూనే ఉంటాయి. మామూలు గాలికి 150 పౌండ్లు మోసే తాడు, 25 మీటర్ల పొడవు వాడతారు. పలచ గాలికి 50 నుంచి 90 పౌండ్ల సన్న తాడు, 15 నుంచి 20 మీటర్లు చాలు. లావు తాడైతే దాని బరువే పతంగిని కిందికి గుంజుతుంది. రెండు తాళ్లూ ఒకే పొడవు ఉండాలి. పతంగి ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంటే ముందు వాటిని ఒక మేకుకు తగిలించి కొలవండి. ఆ తర్వాత సూత్రం చూడండి. పలచ గాలికి సూత్రం ముడిని ముక్కు వైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు జరిపితే పతంగి తేలిగ్గా లేస్తుంది. జరిపే ముందు పాత చోట పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. వేయి రెండు వేల రూపాయల తాళ్లతో పని అయిపోతే పది వేలు మిగిలినట్టే.

సరే, కొనాల్సిందే అనుకుందాం. చింతపల్లిలోనే వారంలో రెండు మూడు సార్లు ఎగరేస్తారా? నోట్‌బుక్‌లో ఎక్కువ రోజులు 11 లోపే ఉన్నాయా? అయితే అల్ట్రాలైట్ రకం తీసుకోండి. సన్నటి కార్బన్ రాడ్లు, పలచటి గుడ్డతో ఉండే ఈ పతంగులు మనిషి నడక వేగమంత గాలిలో కూడా ఎగురుతాయి. గాలి ఆగిపోతే నాలుగడుగులు వెనక్కి నడిస్తే చాలు, మళ్లీ ప్రాణం వస్తుంది. అమెరికాలోని సియాటిల్‌కు చెందిన ప్రిజమ్ కంపెనీ చేసే జెఫైర్, చిన్నదైన ఫోర్‌డీ ఈ రకానివే. ఒక్క షరతు, వీటిని బీచ్‌కు తీసుకెళ్లి దుమ్ము లేచే గాలిలో ఎగరేస్తే రాడ్లు విరుగుతాయి. అన్నల దగ్గర చూసి పెద్ద గాలికి ఆశపడే పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

ఏడాదికి రెండు సార్లు విశాఖలోనో భీమిలిలోనో ఎగరేయడమే తప్ప ఊళ్లో తీరిక లేదంటారా, అప్పుడు అల్ట్రాలైట్ దండగ. రెక్కల కొస నుంచి కొస దాకా రెండుంబావు మీటర్ల దరిదాపుల్లో ఉండే మామూలు రకం సరిపోతుంది. అదే కంపెనీ క్వాంటమ్ లాంటివి గట్టివి, పడినా తట్టుకుంటాయి. "ఒక్కటే కొంటాం, రెండు చోట్లా వాడాలి" అంటే మాత్రం ఎక్కువ రోజులు ఎగరేసే చోటికే కొనండి, రెండో చోట సర్దుకోండి.

మిగతా రకాలు క్లుప్తంగా. గుడ్డలో జాలీ ఉన్న వెంటెడ్ పతంగులు బలమైన గాలి కోసం, కొండల్లో వాటితో పని పడదు. రాడ్లు లేని ఫాయిల్స్ మడిచి సంచిలో పెట్టుకోవచ్చు గానీ స్టంట్లకు కాదు, లాగడానికి. పెద్ద సైజువి పిల్లల్ని ఈడ్చుకుపోతాయి. నాలుగు తాళ్లవి 1980ల చివర్లో అమెరికాలో హాడ్జికీ సోదరులు తెచ్చిన రెవల్యూషన్‌తో పేరు తెచ్చుకున్నాయి. గాలిలో కదలకుండా నిలుస్తాయి, వెనక్కి కూడా ఎగురుతాయి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగే అంతర్జాతీయ పతంగుల పండుగకు వెళ్లొచ్చిన పిల్లలు ఇలాంటివే అడగొచ్చు. అందమైనవే, కాదనను. కానీ మొదటి పతంగితో వచ్చిన విద్యలో సగం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి, నిలకడ లేని గాలి వాటికి అసలు పడదు.

ఎవరైనా విదేశం నుంచి తెస్తుంటే రాడ్ల పొడవు ముందే అడగండి. మడిచినా ముప్పావు మీటరు నుంచి మీటరు దాకా ఉండొచ్చు, మామూలు సూట్‌కేసులో పట్టదు. ముందు అంచు రాడ్ ఒకటి అదనంగా తెప్పించుకోండి. ముక్కు కిందకు పడినప్పుడు ముందు విరిగేది అదే, ఇక్కడ దొరకడం కష్టం. పడిపోతోందని తెలియగానే వెనక్కి లాగకుండా పతంగి వైపు రెండడుగులు వేస్తే దెబ్బ సగం తగ్గుతుంది.

కొన్నాక పాటించాల్సినవి రెండున్నాయి. 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. స్టంట్ తాడుకు గాజు పూత ఉండదు, తెగి ఊరి మీద పడేదీ కాదు. కానీ అదీ సింథటిక్కే. సంక్రాంతి రోజుల్లో జనం మధ్య ఎగరేస్తే పోలీసులకు తేడా చెప్పి ఒప్పించడం మీ వంతవుతుంది. ఆ వారం దూరంగా ఉండండి, లేదా స్టేషన్‌లో ముందే అడగండి. మాంజా తగిలితే ఈ తాడు క్షణంలో తెగుతుంది, అదీ గుర్తుంచుకోండి. తెగిన ముక్కలు చెట్ల మీద వదిలితే పిట్టల కాళ్లకు చుట్టుకుంటాయి, ఏరి ఇంటికి తేవాలి. బిగువుగా ఉన్న తాడు మెడకు తగిలితే కోస్తుంది. అందుకే ఎగరేసే మనిషి ముందు, రెండు పక్కలా తాడు పొడవంత మేర ఎవరూ ఉండకూడదు.

రెండోది కరెంటు. తీగలు కనిపించే పొలంలో అసలు విప్పొద్దు. మంచుకు తడిసిన తాడు కరెంటును మోసుకొస్తుంది. ఎప్పుడైనా పతంగి తీగకు చిక్కితే అది పాతిక వేలదైనా సరే, హ్యాండిల్స్ అక్కడే వదిలేసి పిల్లల్ని దూరం జరిపి 1912కు ఫోన్ చేయండి. గడతో తీద్దామని ఎవర్నీ దగ్గరకు రానివ్వొద్దు.