ముందో చేయి... వెనకో చేయి!

*ఊళ్లోకి జేసీబీ వచ్చిందంటే పిల్లలు ఆట మానేసి చుట్టూ చేరతారు. పెద్దవాళ్లు కూడా పని మీద వెళ్తూ వెళ్తూ ఓ నిమిషం ఆగి చూస్తారు. అంతగా మన జీవితంలో కలిసిపోయిన ఆ పసుపు యంత్రం పుట్టుక వెనక ఓ చిన్న గ్యారేజీ, పాత వెల్డింగ్ మిషను, ‘ఇతనికి భవిష్యత్తు లేదు’ అనిపించుకున్న ఓ కుర్రాడు ఉన్నారు.*

పొలానికి కాలువ తవ్వాలి. చెరువులో పూడిక తీయాలి. ఇంటికి పునాది తియ్యాలి. గాలివానకి రోడ్డు మీద పడిన చెట్టుని పక్కకి తొయ్యాలి. పని ఏదైనా ఊళ్లో వినిపించే మాట ఒకటే... ‘జేసీబీని పిలవండి’. అది ఏ కంపెనీ బండైనా సరే, ముందు ఓ పెద్ద తొట్టి, వెనక ఓ పొడవాటి చేయి ఉంటే మనవాళ్లకి అది జేసీబీయే. గుండ్రంగా తిరుగుతూ తవ్వే పెద్ద యంత్రాన్ని ‘ప్రొక్లెయిన్’ అంటాం చూడండి, అదీ అంతే. పొక్లెయిన్ అనే ఫ్రాన్స్ కంపెనీ పేరు మన నోళ్లలో నాని అలా మారింది.

ఇంతకీ జేసీబీ అంటే ఓ మనిషి పేరు... జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. చిత్రమేమిటంటే ఈ పెద్దమనిషి మొదట్లో యంత్రాలు తయారుచేయలేదు. వేరే కంపెనీల ట్రాక్టర్లకు తగిలించుకునే సామగ్రి తయారుచేశాడు. ట్రాక్టర్ వెనక ట్రైలర్, ట్రాక్టర్ ముందు తొట్టి, ఆ తర్వాత వెనకో చేయి. అలా ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే, చివరికి ట్రాక్టర్ కన్నా తగిలించినవాడి పేరే ప్రపంచానికి గుర్తుండిపోయింది!

కొడుకు పుట్టిన రోజే...

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో యుటాక్సిటర్ అనే చిన్న పట్నం. అక్కడ బామ్‌ఫర్డ్‌లది పేరున్న కుటుంబం. తరాలుగా వ్యవసాయ పనిముట్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. ఆ ఇంట్లో 1916లో పుట్టాడు జోసెఫ్. చదువయ్యాక యంత్రపరికరాల కంపెనీలో చేరి, ఆ పని మీద ఆఫ్రికా దాకా వెళ్లొచ్చాడు. సొంత ఫ్యాక్టరీలో చేరాడో లేదో రెండో ప్రపంచయుద్ధం పిలుపొచ్చింది. వాయుసేనలో పనిచేశాడు. తర్వాత ఓ కంపెనీలో విద్యుత్ వెల్డింగ్ పని ఒంటబట్టించుకున్నాడు. అదే అతని జీవితాన్ని మలుపు తిప్పింది.

యుద్ధం అయిపోయింది. కానీ కుటుంబ వ్యాపారంలో జోసెఫ్ ఇమడలేకపోయాడు. ‘వీడి వల్ల ఏమవుతుంది’ అన్నట్లు మాట్లాడారు ఇంటి పెద్దలు. ఇక అక్కడ ఉండదలచుకోలేదతను. ఊళ్లోనే ఓ చిన్న గ్యారేజీని వారానికి 30 షిల్లింగులకు అద్దెకు తీసుకున్నాడు. ఓ పాత వెల్డింగ్ మిషను కొన్నాడు. ఇనుము కావాలిగా? యుద్ధకాలంలో బాంబుల నుంచి తలదాచుకోవడానికి వేసిన షెల్టర్ల రేకులు ఎక్కడ చూసినా గుట్టలుగా పడి ఉండేవి. వాటిని తెచ్చి కోశాడు. సైన్యం వదిలేసిన సామాన్లు జతచేశాడు. ఎత్తి మట్టిని కుమ్మరించే ఓ ట్రైలర్ తయారైంది.

1945 అక్టోబరు 23. ఆరోజే జోసెఫ్‌కి కొడుకు పుట్టాడు. అదే అతని కంపెనీకీ పుట్టినరోజు. చేసిన ట్రైలర్‌ని సంతలో పెడితే కొన్న రైతు చేతిలో 45 పౌన్లు పెట్టి, మిగతా సొమ్ముకు బదులుగా తన పాత బండి ఇచ్చాడు. జోసెఫ్ ఆ బండిని వదల్లేదు. బాగుచేసి దాన్నీ అమ్మేశాడు. వచ్చిన డబ్బుతో మరో ట్రైలర్... ఆ తర్వాత మరొకటి!

ట్రాక్టర్ మీది... చేయి మాది

యుద్ధం తర్వాత ఇంగ్లండు పల్లెల్లో ట్రాక్టర్లు బాగా పెరిగాయి. దున్నడం సులువైంది. కానీ పేడ ఎత్తాలన్నా, మట్టి నింపాలన్నా మళ్లీ పార పట్టాల్సిందే. ట్రాక్టర్ లాగుతుందే కానీ ఎత్తదు. ఆ లోటే జోసెఫ్‌కి దారి చూపింది.

అందుకు అతను నమ్ముకున్నది నూనెని. గొట్టంలో నూనెని పంపుతో ఒత్తితే అది రెండో చివర ఉన్న సిలిండర్లోని కడ్డీని ముందుకు తోస్తుంది. సిలిండర్ ఎంత వెడల్పుగా ఉంటే అంత బలం. ఇదే హైడ్రాలిక్ సూత్రం. డ్రైవర్ చిటికెనవేలితో ఓ పిడి కదిపితే చాలు, అవతల పదిమంది ఎత్తలేని బరువు లేస్తుంది. 1948లో జోసెఫ్ దగ్గర పనిచేసేది మొత్తం ఆరుగురు. ఆ ఆరుగురే హైడ్రాలిక్ శక్తితో లేచే ట్రైలర్‌ని తయారుచేశారు. ఐరోపాలో అలాంటిది అదే మొదటిదని చెబుతారు. ఆ వెంటనే ‘మేజర్ లోడర్’ వచ్చింది. ఆ రోజుల్లో బాగా చలామణీలో ఉన్న ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్ ముందు బిగించే తొట్టి అది.

ఆలోచన ఎంత తెలివైనదో చూడండి. రైతు కొత్తగా పెద్ద యంత్రం కొనక్కర్లేదు. చక్రాలు, ఇంజిను అతని దగ్గరే ఉన్నాయి. కొనాల్సింది చేయి ఒక్కటే! జోసెఫ్ కూడా ఇంజిన్ల ఫ్యాక్టరీ పెట్టక్కర్లేదు. అప్పుల జోలికి పోకుండా, వచ్చిన లాభాన్నే మళ్లీ పనిలో పెట్టుకుంటూ ఎదిగే వీలు దొరికింది.

1950లో మకాం పక్కనే ఉన్న రోస్టర్ అనే పల్లెకి మారింది. అక్కడ మూతపడిన ఓ చీజ్ ఫ్యాక్టరీ కొత్త వర్క్‌షాపు అయింది. మరుసటి ఏడాది నుంచి తయారైన ప్రతిదానికీ పసుపు రంగు వెయ్యడం మొదలెట్టారు. మట్టిలో, మంచులో ఎంత దూరాన ఉన్నా కంట్లో పడే రంగది.

నార్వేలో కనిపించింది

ట్రైలర్ల అమ్మకం పని మీద నార్వే వెళ్లినప్పుడు జోసెఫ్ కంట్లో ఓ కొత్త వస్తువు పడింది. ట్రాక్టర్ వెనక తగిలించి గోతులు తవ్వే ఓ చిన్న చేయి. దాన్ని చూడగానే అతని బుర్రలో ఓ ఆలోచన మెరిసింది. ముందు తొట్టి ఎలాగూ తన దగ్గర ఉంది. వెనక ఈ చేయి కూడా పెడితే? 1953లో అదే చేశాడు. వెనక తవ్వుతుంది, ముందు ఎత్తిపోస్తుంది. రెండు యంత్రాల పని ఒక్క ట్రాక్టరే చేసేసింది.

నిజం చెప్పాలంటే వెనక చేయి తగిలించిన తొలి మనిషి జోసెఫ్ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో వెయిన్-రాయ్ అనే చిన్న కంపెనీ 1948లోనే హైడ్రాలిక్ చేయి తయారుచేసి, ఓ కరెంటు కంపెనీకి 705 డాలర్లకు అమ్మింది. వాళ్లదీ తగిలించే వ్యాపారమే, ఫోర్డ్ ట్రాక్టర్‌కి. 1957లో అమెరికాకే చెందిన కేస్ కంపెనీ ట్రాక్టరూ, తొట్టీ, చేయీ మూడూ తనే తయారుచేసి ఒకే యంత్రంగా అమ్మకానికి పెట్టింది. కానీ ఆ పేర్లు మన ఊళ్లకి చేరలేదు. జోసెఫ్ పేరు చేరింది. ఎందుకని?

టీ కెటిల్ తెచ్చిన పేరు

ఒక కారణం... యంత్రాన్ని కొనేవాడితో పాటు నడిపేవాడి గురించి కూడా అతను ఆలోచించడం. చలిదేశంలో రోజంతా బండి మీద కూర్చునే డ్రైవర్‌కి వేడివేడి టీ కన్నా ఏం కావాలి? అందుకే ఓ కొత్త మోడల్ క్యాబిన్లో టీ కెటిల్‌కి ప్లగ్గు పెట్టించాడు. కొన్న తొలి వందమందికి కెటిల్‌ని తానే స్వయంగా రోల్స్‌రాయిస్‌లో తీసుకెళ్లి ఇచ్చాడు! ఆ ముచ్చట నోటినోటా పాకింది. ప్రకటనలకి లక్షలు పోసినా అంత పేరు రాదు.

రెండోది... ఉన్నదానితో తృప్తిపడకపోవడం. ‘ఎన్నటికీ తృప్తి లేదు’ అన్న అర్థమొచ్చే ఫ్రెంచి మాటనే అతను తన నినాదంగా పెట్టుకున్నాడు. మామూలు ట్రాక్టర్ దుక్కికి పుట్టింది. వెనక చేయి విసురుగా తవ్వుతుంటే దాని ఒళ్లు తట్టుకోలేదు. అందుకని బలమైన చట్రం, తవ్వేటప్పుడు నేలమీద ఆనే రెండు కాళ్లు, వర్షం పడని క్యాబిన్... ఇలా ఒక్కో లోపం సరిచేస్తూ వెళ్లారు. 1963లో వచ్చిన ‘3సీ’ మోడల్‌తో కంపెనీ దశ తిరిగింది. తగిలింపుగా మొదలైన చేతులు సొంత ఒంటిని తెచ్చుకున్నాయి.

ఇప్పుడు ఆ చేతికే మళ్లీ కొత్త తగిలింపులు! తొట్టి తీసేసి బండలు పగలగొట్టే బ్రేకర్ బిగిస్తారు. స్తంభాలకు గుంతలు తీసే డ్రిల్ పెడతారు. బరువులు మోసే ఫోర్కులు తగిలిస్తారు. ఒక్కటే బండి, పనిని బట్టి చేయి మారుతుంది. గ్యారేజీలో మొదలైన ‘తగిలించే విద్య’ ఇంకా సాగుతూనే ఉంది.

పార పట్టిన చేతుల సంగతి?

మన దేశానికి ఆ కంపెనీ 1979లో వచ్చింది. ఎస్కార్ట్స్‌తో కలిసి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. 2003లో ఆ వ్యాపారం పూర్తిగా జేసీబీ చేతికొచ్చింది. తర్వాత పుణె, జైపూర్, 2022లో గుజరాత్... ఒక్కోచోటా ఫ్యాక్టరీలు వెలిశాయి. రోడ్లు, అపార్ట్‌మెంట్లు, లేఅవుట్లు పెరిగేకొద్దీ పసుపు బళ్లూ పెరిగాయి.

కానీ అంతకుముందు ఈ నేల మీద మట్టిపని మనుషులదే. జోసెఫ్ వెనక చేయి తగిలించిన రెండేళ్లకి, 1955లో, నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. కొండలాంటి ఆ రాతి ఆనకట్ట వేలమంది కూలీల భుజాల మీద లేచింది. ‘పాలమూరు లేబర్’ అన్న మాట పుట్టింది కూడా ఆ మట్టిపనిలోంచే. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కడుతున్నా పలుగూ పారా తట్టా పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిన కుటుంబాలు ఎన్నో. వడ్డెరలకైతే బండ కొట్టడం, మట్టి తవ్వడమే తరతరాల బతుకు. వాళ్లు వారం రోజులు చేసే పనిని జేసీబీ ఓ పూటలో ముగిస్తుంది. నడుము విరిగే చాకిరీ పోయింది నిజమే. దాంతోపాటు కూలీ కూడా పోయింది.

అందుకే 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలో కూలీల పొట్టకొట్టే యంత్రాలు వాడకూడదన్న నియమం పెట్టారు. అదే తొమ్మిదేళ్ల తర్వాత, 2015లో, తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసేటప్పుడు ఎక్కడ చూసినా యంత్రాల మోతే. ఒకచోట పని నిలబడాలి, ఒకచోట పని త్వరగా తెమలాలి. రెండూ అవసరమే! ఈ మధ్యలోనే కొత్త బతుకుతెరువూ పుట్టింది. తండ్రి తట్టలు మోసిన ఇంట్లోనే కొడుకు జేసీబీ ఆపరేటర్ అయ్యాడు. గంటల లెక్కన బండి తిప్పుకుంటూ వాయిదాలు కట్టుకునేవాళ్లు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

ఇల్లు కట్టించేదీ ఆ చేయే, కూల్చేదీ ఆ చేయే. వీధి చివర పసుపు బండి కనిపిస్తే ఒకరికి సంబరం, ఆక్రమణల తొలగింపు నోటీసు అందుకున్నవాళ్లకి గుండెదడ. ఆ చేతికి మంచీచెడూ తెలియవు. తెలియాల్సింది నడిపించే మనిషికే.

జోసెఫ్ 1975లో కంపెనీని పెద్దకొడుకు ఆంటొనీకి అప్పగించి తప్పుకున్నాడు... కంపెనీ పుట్టిన రోజునే పుట్టిన ఆ కొడుకుకే! 2001లో కన్నుమూశాడు. అతను చేసిన మొట్టమొదటి ట్రైలర్‌ని, దాన్ని అతికించిన వెల్డింగ్ మిషనునీ నేటికీ దాచి ఉంచారు. ఆ ట్రైలర్‌కి ముందు తొట్టి లేదు, వెనక చేయీ లేదు. ఇంటి పెద్దలు పనికిరాడనుకున్న ఓ కుర్రాడు, జనం పనికిరావని పారేసిన రేకుల్ని అతికించిన గుర్తులు మాత్రం ఉన్నాయి.

ఇవీ విశేషాలే!

* జేసీబీ బళ్లలో వాడే డీజిల్ ఇంజిన్ల ఆధారంగా ‘డీజిల్‌మ్యాక్స్’ అనే కారు తయారుచేశారు. 2006 ఆగస్టులో అమెరికాలోని ఉప్పుమైదానంలో అది గంటకు 563 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లి డీజిల్ కార్లలో రికార్డు సృష్టించింది.

* ముందు తొట్టినీ, వెనక చేతినీ నేలకి ఆనించి చక్రాల్ని గాల్లోకి లేపి, పాటకి తగ్గట్టు ఊగే ‘జేసీబీల డాన్సు’ ప్రదర్శనలంటే విదేశాల్లో జనం ఎగబడతారు.

* ఆ మూడక్షరాలు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కాయి.

* 2019 మే నెలలో మనదేశంలో జేసీబీ తవ్వకాల వీడియోల మీద జోకులు ఇంటర్నెట్‌ని ఊపేశాయి. పని మానుకుని తవ్వకం చూస్తూ నిలబడే అలవాటు ఒక్క మన ఊరిదే కాదని అప్పుడు తేలిపోయింది!