బాగా తింటున్నా పిల్లి చిక్కిపోతోందా? థైరాయిడ్ కావచ్చు

పెట్టిందంతా తినేస్తుంది. ఇంకా కావాలని గిన్నె చుట్టూ తిరుగుతుంది. అయినా నిమిరితే వెన్నెముక చేతికి తగులుతుంది. పన్నెండేళ్ల పిల్లి కదా, వయసు మీదపడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఆకలి బాగుంది కాబట్టి జబ్బేమీ లేదనుకుంటారు. పొరపాటు జరిగేది ఇక్కడే.

మెడలోని థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోన్ విడుదల చేయడమే హైపర్‌థైరాయిడిజం. పిల్లుల్లో దీన్ని ప్రత్యేక వ్యాధిగా 1979లో అమెరికాలో తొలిసారి గుర్తించారు. ఎక్కువగా పదేళ్లు దాటిన పిల్లులకు వస్తుంది. చాలావరకు కారణం గ్రంథిలో పెరిగే మామూలు గడ్డే. అది క్యాన్సర్ కావడం అరుదు.

హార్మోన్ ఎక్కువైతే శరీరం పరుగు పెడుతుంది. తిన్నది చాలక కండ కరుగుతుంది. దాహం, మూత్రం పెరుగుతాయి. వాంతులు, రాత్రిపూట అరుపులు, నిలకడ లేకపోవడం కనిపిస్తాయి. అలాగే వదిలేస్తే గుండె దెబ్బతింటుంది. రక్తపోటు పెరిగి ఉన్నట్టుండి చూపు కూడా పోవచ్చు.

టీ4 రక్తపరీక్షతో వ్యాధి సాధారణంగా బయటపడుతుంది. షుగర్, కిడ్నీ జబ్బుల్లోనూ ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి ఆ పరీక్షలూ చేయించాలి.

చికిత్సలో ఎక్కువగా వాడేవి మిథిమజోల్, కార్బిమజోల్ మాత్రలు. ఇవి హార్మోన్ తయారీని అడ్డుకుంటాయే తప్ప గడ్డను కరిగించవు. అందుకే జీవితాంతం వేయాలి. మనుషులకిచ్చే మందే అయినా మోతాదు వేరు. దాన్ని పశువైద్యుడే నిర్ణయించాలి. శస్త్రచికిత్స, రేడియోధార్మిక అయోడిన్ శాశ్వత పరిష్కారాలు. రెండో దానికి ప్రత్యేక కేంద్రాలు కావాలి. అయోడిన్ తగ్గించిన ఆహారమూ ఉంది. కానీ పిల్లి మరేదీ ముట్టకూడదు. పక్కింట్లో చేపముక్క తిని వచ్చే పిల్లికి అది పనిచేయదు.

ముఖ్యమైన సంగతి మరొకటుంది. అదనపు హార్మోన్ వల్ల కిడ్నీలకు రక్తప్రసారం పెరిగి, అక్కడి లోపం బయటపడదు. థైరాయిడ్ అదుపులోకి వచ్చాకే అది తెలుస్తుంది. మందు కిడ్నీలను పాడుచేసిందని భయపడి సొంతంగా ఆపేయకూడదు. మందు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో టీ4, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు మళ్లీ చేయించి, మోతాదు సరిచేయించుకోవాలి.

తిండి మానేసినా, వాంతులైనా, ముఖం గీరుకుంటున్నా, నీరసించినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. మాత్రను పొడి చేయకూడదు. గర్భిణులు దాన్ని చేత్తో తాకకపోవడం మంచిది. తప్పనిసరైతే గ్లోవ్స్ వేసుకోవాలి.

వారానికోసారి పిల్లిని తూచి, బరువు రాసిపెట్టుకోండి. జబ్బును ముందుగా పట్టించేది గిన్నె ఖాళీ కావడం కాదు, ఆ అంకెలే.