దారాలు కలుసుకునే చోటు

పిల్లలూ! నెల్లూరుకు తూర్పున ఉన్న మైపాడు తీరంలో జాలరులు వలలను ఇసుక మీద కుప్పలు పోస్తారు. ఒక వల బెండు వేరొక వల బెండును ఆనుకుని ఉండటం ఆ కుప్పలో మామూలే. మన దేహంలోని జీవకణంలో కూడా ఇటువంటి కుప్ప ఉన్నది! కణం నడుమ ఉండే కేంద్రకంలో క్రోమోజోములనే దారాలు 46 ఉంటాయి. వాటన్నిటినీ విప్పి వరసగా చేర్చితే సుమారు 2 మీటర్లు! ఏయే పదార్థాలు తయారు కావాలో చెప్పే జన్యువులు ఆ దారాల మీదనే ఉన్నాయి.

ఇప్పుడు ఇసుకనేలలో వట్టికాళ్లతో పరుగెత్తే పిల్లవాణ్ణి తలుచుకోండి. మలంతో చెడిన తడినేలలో కొంకిపురుగు పిల్లలుంటాయి. అవి పాదాల చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోయి, చివరకు పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. కుష్ఠు క్రిమి అలా కాదు. అది మన కణాల లోపలనే దాక్కుంటుంది.

ఈ శత్రువులను ఎదిరించే సేనలో టీ-కణాలు ముఖ్యమైనవి. పురుగుల మీదికైతే అవి ఇంటర్‌ల్యూకిన్-4 వంటి పదార్థాలను తయారుచేస్తాయి. దాగిన క్రిమి మీదికి ఇంటర్‌ఫెరాన్-గామా కావాలి. దారి తప్పితే ముప్పే! టీ-కణాలు ఇంటర్‌ఫెరాన్ దారి పట్టిన కుష్ఠురోగిలో క్రిములు కొద్దిగానే ఉంటాయి. రెండవ దారి పట్టిన రోగిలో విపరీతంగా పెరుగుతాయి. అయితే నేడు మందులతో ఈ రోగం పూర్తిగా నయమవుతుంది.

మరి కణం దారి ఎలా ఎంచుకుంటుంది? 2005లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఫ్లావెల్ బృందం ఎలుకల టీ-కణాలలో ఒక వింత చూసింది. ఎలుకలో ఇంటర్‌ఫెరాన్ జన్యువు 10వ క్రోమోజోము మీద ఉన్నది. ఇంటర్‌ల్యూకిన్ జన్యువులూ, వాటిని నడిపే భాగమూ 11వ దాని మీద ఉన్నాయి. దారాలు వేరైనా, ఇంకా ఏ దారీ పట్టని కణంలో ఆ రెండు చోట్లూ పక్కపక్కనే చేరి ఉన్నాయి! కణం ఒక దారి పట్టగానే అవి విడిపోయాయి. 11వ దారంలో ఒక చిన్న ముక్క తీసివేస్తే, 10వ దారం మీది ఇంటర్‌ఫెరాన్ జన్యువు పని ఆలస్యమయింది.

చూశారా! ఒక దారం మీది మాట రెండవ దారానికి వినబడుతున్నదన్న మాట. జన్యువు ఏ దారం మీద ఉన్నదనేదే కాదు, కుప్పలో దేని పక్కన చేరిందనేది కూడా ముఖ్యమే.

టీ-కణాలు తమ పని తాము చేస్తాయి. మీరు మాత్రం చెప్పులు వేసుకోవడం మరిచిపోకండి!