పాతకాలపు కొయ్య ఆసనాలు

పాతకాలపు కొయ్య ఆసనాలు అనగా తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్న పీటలు, బల్లలు, మంచాలు, కుర్చీలు, ఉయ్యాలలు. ఖమ్మం నుండి భద్రాచలం అడవుల వరకు గల ప్రాంతంలో టేకు, ఏగిస, నల్లమద్ది, వెదురు లభించడం వలన పాత ఇళ్లలో ఇటువంటి సామగ్రి నేటికీ కనిపిస్తుంది. ఏ ఆసనం ఏ గదికి తగినదో నిర్ణయించుటకు దాని ఎత్తు, బరువు, కలప, అల్లిక, కూర్చునేవారి వయస్సు ముఖ్యమైన అంశాలు.

నేపథ్యం

నేలపై గాని, పీటపై గాని కూర్చొనుట తెలుగు ఇళ్లలో పూర్వపు అలవాటు. బ్రిటిషు పాలనాకాలంలో కచేరీలు, పాఠశాలల ద్వారా కుర్చీలు, బెంచీలు వ్యాపించి, క్రమంగా ఇళ్లలోనికి వచ్చాయి. పాపికొండల ప్రాంతంలోని కొండరెడ్లు వెదురు అల్లికలో నేర్పరులు. సంపన్నుల ఇళ్లలోని విదేశీ తరహా ఆసనాలకు ఉదాహరణలు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో కలవు. అక్కడి దంతపు కుర్చీలు ప్రసిద్ధమైనవి.

గదులవారీగా ఎంపిక

అరుగు, వసారా: ఇక్కడ ఎండ, వాన జల్లు తగులుతాయి కనుక టేకు బల్ల లేదా నులక మంచం అనుకూలం. నులక సడలినపుడు కాళ్లవైపు తాడును బిగించుకోవచ్చు. పేము అల్లిక వానకు తడిస్తే సాగిపోతుంది. మితిమీరి ఎండితే పెళుసెక్కి తెగుతుంది. కావున పేము కుర్చీలను లోపలి గదులలో ఉంచుట మేలు.

ముందు గది: అతిథులకు చేతులున్న కుర్చీలు, వీపు ఆనే బెంచీలు తగినవి. పడక కుర్చీ విశ్రాంతికి బాగుంటుంది గాని, మోకాళ్ల నొప్పులున్న వృద్ధులు దాని నుండి లేవలేరు. వారికి పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తు, అనగా సుమారు 40 నుండి 45 సెంటీమీటర్ల ఎత్తు గల గట్టి చేతుల కుర్చీ మంచిది.

మండువా లేదా నడవ: ఉయ్యాల బల్లను పూర్వం దూలానికి బిగించిన ఇనుప కొక్కేలకు గొలుసులతో వేలాడదీసేవారు. నేటి కాంక్రీటు కప్పు ఇళ్లలో కొక్కెం శ్లాబు లోపలి ఇనుప కడ్డీలకు పట్టి ఉండాలి. పైపూతలో దించిన మేకులు ఊగే బరువును మోయలేవు. బల్ల ముందుకు, వెనుకకు ఊగుటకు తగిన ఖాళీ స్థలం కూడా అవసరం.

వంటిల్లు, భోజనాల గది: పీట, ముక్కాలి పీట, కత్తిపీట ఇక్కడివి. ఎగుడుదిగుడు నేలపై నాలుగు కాళ్ల పీట కదులుతుంది. మూడు కాళ్లది కదలక నిలుస్తుంది. మూడు బిందువులు ఎల్లప్పుడూ ఒకే తలంలో ఉండుటయే ఇందుకు కారణం. కత్తిపీట పిల్లలకు అందని చోట ఉండాలి.

పూజ గది: పొట్టి పీటలు చాలు. ఇంటి పెళ్లిళ్లలో వాడిన పెళ్లిపీటలను కొన్ని కుటుంబాలు భద్రపరుస్తాయి.

పడక గది: పట్టె మంచం, నవారు మంచం, భోషాణం. మూత చదునుగా ఉన్న భోషాణం కూర్చొనుటకు, దుస్తులు దాచుటకు కూడా పనికివస్తుంది.

కొనేముందు పరిశీలించవలసినవి

టేకు బంగారు గోధుమ రంగులో, తాకితే కొద్దిగా నూనె గుణంతో ఉంటుంది. దీని చేవకు చెదలు త్వరగా పట్టదు. చేవ చుట్టూ ఉండే లేతకలపకు ఈ రక్షణ లేదు. ఏగిస తడిస్తే పసుపు మరక దించుతుంది. అందుచేత సున్నపు గోడకు ఆనించి గాని, తెల్లని వస్త్రాల సమీపంలో గాని ఉంచరాదు.

చేతిపని పాత వస్తువులలో ఒక చెక్క కొసను రెండవ చెక్క బెజ్జంలో దించి కొయ్య చీలతో బిగించిన అతుకులు కనిపిస్తాయి. అడుగు భాగంలో చిత్రిక గుర్తులు, కుర్చీ చేతుల కొసల వద్ద అరుగుదల సహజం. అన్ని వైపులా ఒకే తీరుగా అరిగిన వస్తువును అనుమానించవలెను. చిన్న రంధ్రాల కింద పిండి వంటి తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నదని అర్థం. అటువంటి దానిని చికిత్స చేయకుండా ఇతర కొయ్య సామగ్రి దగ్గర ఉంచరాదు.

పాత రంగులలో సీసం ఉండవచ్చు. భారతదేశంలో గృహ రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దితే లేచే ధూళి పిల్లలకు ప్రమాదకరం.

వరదలు - రక్షణ

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీచేస్తారు. 1986 ఆగష్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. నదీతీరపు లోతట్టు ఇళ్లలో బరువైన బల్లలను తరలించుట కష్టం. కావున విడదీయుటకు వీలైన మంచాలు, అటకపై పెట్టగల పీటలు, మడత కుర్చీలు మేలు. తడిసిన కలపను బురద ఆరకముందే మంచినీటితో కడిగి, నీడలో గాలి తగిలేలా నెమ్మదిగా ఆరబెట్టాలి. ఎండలో ఒక్కసారిగా ఎండబెడితే పగుళ్లు ఏర్పడతాయి, అతుకులు వదులవుతాయి.

చట్టపరమైన అంశాలు

పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972 ప్రకారం కనీసం 100 సంవత్సరాల ప్రాచీనత గల కళాత్మక వస్తువులు పురావస్తువుల కోవలోకి రావచ్చు. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. దేశంలో వాటి వ్యాపారానికి లైసెన్సు అవసరం. అటవీ ప్రాంతంలో కలప రవాణాకు కూడా నియమాలు ఉన్నాయి. పాత ఇంటి కలప అనే పేరుతో కొత్తగా నరికిన టేకును అమ్మే అవకాశం ఉన్నందున, వస్తువు ఎక్కడి నుండి వచ్చినదో తెలిపే రసీదు తీసుకొనుట కొనుగోలుదారుకు, అడవికి కూడా రక్షణ.

ఇవి కూడా చూడండి

నులక మంచం
టేకు
భద్రాచలం
కొండరెడ్లు