తెల్లపులీ, మన వైగై నీళ్ళూ

జూకు పోయినప్పుడు తెల్లపులి ముందర నిలబడి, "ఇది వేరే జాతి" అని చెప్పుకుంటూ ఉంటాం. నేనూ అలాగే అనుకున్నదాన్నే. కానీ అది మన బెంగాల్ పులే. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ తెలుపు గుణం దాగి ఉంటే పిల్ల తెల్లగా పుడుతుంది, అంతే. 1951లో రీవా రాజు పట్టించిన మోహన్ అనే తెల్ల పులిపిల్ల సంతతే నేడు జూలలో ఉన్న తెల్లపులుల్లో చాలావరకు. ఆ రంగు పోకూడదని దగ్గరి చుట్టాల మధ్యనే సంబంధాలు కలిపారు. దానితో పిల్లల్లో అవకరాలు పెరిగాయి.

మరి నిజమైన ఉపజాతి అంటే ఏమిటి? ఒకే జాతి పులులు వేర్వేరు దేశాల్లో వేల ఏళ్ళు విడివిడిగా బతికితే ఒంటి పరిమాణం, చారలు, జన్యువులు కొంచెం కొంచెం మారుతాయి. ఆ గుంపులే ఉపజాతులు. పాత పుస్తకాల్లో తొమ్మిది ఉండేవి. వాటిలో బాలి, జావా, కాస్పియన్ పులులు గత శతాబ్దంలోనే పోయాయి. బెంగాల్, ఇండోచైనా, మలయా, సుమత్రా, సైబీరియా, దక్షిణ చైనా పులులు మిగిలాయి. 2017లో ఒక నిపుణుల బృందం ఇవన్నీ రెండే అంది: ఆసియా ఖండం పులి ఒకటి, సుండా దీవుల పులి ఒకటి. 2018లో వచ్చిన జన్యు పరిశోధన మాత్రం ఆరూ వేరువేరే అని చూపింది. ఇది పేర్ల తగాదా కాదు. ఆరూ వేరైతే, ఒకటి పోయిన చోట ఇంకొకటి తెచ్చి పెట్టి సరిపెట్టుకోలేం.

దక్షిణ చైనా పులిని అడవిలో చూసి దశాబ్దాలు దాటింది. ఇప్పుడది జూలలోనే ఉంది. జూ లేకపోతే ఆ వంశమే ఉండేది కాదు. అయితే జూ విత్తనాల గాదె లాంటిది, చేను కాదు. బోనులో పెరిగిన పులికి వేట రాదు, మనిషంటే భయం ఉండదు. మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో పులులన్నీ పోయాక, 2009లో మొదట తెచ్చి వదిలింది జూ పులుల్ని కాదు, కన్హా, బాంధవ్‌గఢ్ అడవుల పులుల్ని.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఆండిపట్టి పక్కనే వైగై డ్యాం ఉంది కదా. వైగై పుట్టేది వరుసనాడు కొండల్లో. ఆ కొండల్ని కలుపుకొనే 2021 ఫిబ్రవరిలో శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం ప్రకటించారు. దాని విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. డ్యాంకు వచ్చే రెండో నీరు ముల్లైపెరియార్‌ది. ఆ జలాశయం ఉన్నది కేరళలోని పెరియార్ పులుల అడవిలో. అంటే మదురై దాకా తాగే నీళ్ళు రెండు వైపుల నుంచీ పులి అడవుల్లోంచే వస్తున్నాయి. పులి నిలవాలంటే జింక, కణుజు కావాలి, వాటికి గడ్డీ చెట్టూ కావాలి. ఆ గడ్డీ చెట్టే వాననీళ్ళని పట్టి ఉంచి ఏటికి మెల్లగా వదులుతాయి.

పులి వస్తే మనుషుల గతేమిటని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ కొండల్లో ఇలవం చెట్లూ, జీడిమామిడీ నమ్ముకొని బతికే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళని అడక్కుండా, వాళ్ళకి దారి చూపకుండా గీసిన హద్దు నిలవదు. అడవిని దగ్గరగా ఎరిగినవాళ్ళు వాళ్ళే. కాపలాలో వాళ్ళకి పనీ, పశువుని పులి కొడితే వెంటనే పరిహారమూ అందితే పులికి వాళ్ళకంటే మంచి తోడు ఎవరుంటారు?

2006లో మన దేశంలో పులులు 1,411 అని అంచనా. 2022 లెక్కలో అది 3,682. కాపాడితే పెరుగుతాయనడానికి ఇదే రుజువు.

మీ ఇళ్ళలో అవ్వా తాతలు చెప్పే మేఘమలై పులి సంగతులు ఉంటే ఇంటి తెలుగులోనే రాసి ఇవ్వండి. వచ్చే సంచికలో అతికిద్దాం.