వాదన నెగ్గినా మనసు ఎందుకు మారదు?

ధర్మసందేశాన్ని నలుగురికీ చేర్చడానికి దాతలు ఇచ్చే ప్రతి రూపాయీ అమానతు. అది ఏ పనికి వెళితే మేలు జరుగుతుందో అడగడం ఇచ్చినవారి హక్కు, ఆలోచించి ఖర్చుపెట్టడం నిర్వాహకుల బాధ్యత. ఈ సొమ్ములో కొంత ఖండనమండనల పుస్తకాలకూ, బహిరంగ చర్చా వేదికలకూ వెళుతుంటుంది. కాబట్టి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇన్ని శతాబ్దాలుగా గొప్ప పండితులు పదునుపెట్టిన వాదనలు మన చేతిలో ఉండగా, వాటిని విని మనసు మార్చుకున్నవారు ఎందుకింత తక్కువ?

మన దేశంలోనే జరిగిన ఒక ప్రసిద్ధ మునాజరాను చూద్దాం. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీకీ, జర్మనీ నుంచి వచ్చిన ఫాదరీ ఫాండర్‌కూ మధ్య రెండు రోజులు చర్చ జరిగింది. మౌలానాకు తోడుగా డాక్టర్ వజీర్ ఖాన్ కూర్చున్నారు. బైబిల్ ప్రతుల్లోని పాఠభేదాల గురించి యూరప్ పండితులే రాసిన పుస్తకాలను ఆయన సంపాదించి ఉంచారు. ఫాదరీకి ఇది ఊహించని దెబ్బ. కొన్నిచోట్ల పాఠభేదాలు ఉన్నమాట నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. అయితే మూల సిద్ధాంతానికి దానివల్ల లోటు రాదని పట్టుబట్టారు. చర్చ అర్ధాంతరంగా ఆగింది. తర్వాత రెండు పక్షాలూ తమతమ కథనాలు అచ్చువేసుకున్నాయి. రెండింటిలోనూ గెలుపు తమదే! ఫాండర్ తన పని మానుకోలేదు, మౌలానా తన మాట మార్చుకోలేదు.

దీన్నిబట్టి ఆ చర్చ వృథా అనుకోకూడదు. పాలకుల అండ ఉన్న మిషనరీల ప్రచారం ముందు దిగాలుపడిన ముస్లింలకు అది ధైర్యమిచ్చింది. అంటే వాదన స్వపక్షాన్ని నిలబెట్టింది, ఎదుటిపక్షాన్ని కదిలించలేకపోయింది. ఈ రెండూ వేర్వేరు ప్రయోజనాలు. రెండోదాని కోసం మొదటి పనిముట్టు వాడటమే మనం తరచుగా చేసే పొరపాటు.

దివ్య ఖుర్ఆన్ కూడా ఈ తేడాను మనకు చూపుతుంది. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సూర్యోదయం గురించి వేసిన ఒక్క సవాలుతో అహంకారి అయిన రాజు నోరు మూతపడింది. కానీ అతను విశ్వసించాడని ఖుర్ఆన్ చెప్పలేదు. విగ్రహాల విషయంలో ఆయన జాతివారు ఒక క్షణం ఆత్మపరీక్ష చేసుకుని, తప్పు తమదేనని లోలోపల ఒప్పుకున్నారు కూడా. మరుక్షణమే ఆయన్ను కాల్చివేయమని కేకలు వేశారు. జవాబు దొరకనివాడు ఒప్పుకున్నవాడు కాడు. ఒక్కోసారి వాడే ఎక్కువ ప్రమాదకారి.

ఎందుకిలా జరుగుతుంది? కారణాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, ప్రమాణం ఉమ్మడిది కాకపోవడం. మన గ్రంథం మనకు ప్రమాణం. దాన్ని ఇంకా నమ్మని మనిషికి దానిలోని వాక్యమే రుజువుగా చూపితే, ఏది తేలాలో దాన్నే ముందుగా ఒప్పుకోమన్నట్టు అవుతుంది.

రెండవది, జనం చూస్తుండటం. నలుగురి ముందు ఓడిపోవడం ఎవరికైనా పరువు సమస్యే. అక్కడ మనిషి నిజం వెతకడు, జవాబు వెతుకుతాడు. ఇమామ్ గజాలీ స్వయంగా ఈ విద్యలో సాటిలేనివారు. అయినా తన ‘ఇహ్యా’ గ్రంథంలో మునాజరా వల్ల పుట్టే జబ్బులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. అసూయ, గర్వం, ఎదుటివాడు తడబడితే సంతోషించడం, నిజం అతని నోట వస్తే బాధపడటం అందులోవే.

మూడవది, నమ్మకం వెనుక ఒక బతుకు ఉండటం. రోమ్ చక్రవర్తి హిర్ఖల్ మన ప్రవక్త (స) గురించి అబూ సుఫ్యాన్‌ను వరుసగా ప్రశ్నలడిగి, సమాధానాలను బట్టి నిజాన్ని గుర్తించాడని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. తీరా తన సామంతులు గగ్గోలు పెట్టేసరికి వెనక్కి తగ్గాడు. అతనికి రుజువులు చాలకపోవడం కాదు, సింహాసనం అడ్డొచ్చింది. మామూలు మనిషికి సింహాసనం ఉండదు గానీ తల్లిదండ్రులు, పెళ్లిసంబంధాలు, ఊరు, కులం ఉంటాయి. వాటి భారం ఏ తర్కానికీ అందదు.

నాల్గవది, అడిగింది ఒకటి, చెప్పేది ఇంకొకటి కావడం. మొదలున్న ప్రతిదానికీ ఒక కారణం ఉండాలి, ఈ లోకానికి మొదలుంది, కాబట్టి దానికో సృష్టికర్త ఉన్నాడు అన్నది మన కలామ్ పండితుల ప్రసిద్ధ వాదన. ఎంతో బలమైనది. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి దేవుడున్నాడా అని అడిగినప్పుడు ఆమె లోకం ఎలా మొదలైందని అడగడం లేదు. నమాజు ఎందుకు చేయాలని అడిగే కాలేజీ కుర్రాడు కూడా చాలాసార్లు అడుగుతున్నది రుజువు కాదు, నమాజు చేసే పెద్దల వ్యాపారంలో మోసం ఎందుకుందని. అందరినీ ఒకే తరహా వాదన ఒప్పించలేదని ఇబ్న్ రుష్ద్ ఏనాడో చెప్పారు. కొందరికి శాస్త్రీయమైన నిరూపణ కావాలి, కొందరికి చర్చ చాలు, ఎక్కువమందికి మనసుకు హత్తుకునే మాట కావాలి.

మరి ఒప్పించిన మాటలు ఎలా ఉన్నాయి? అబిసీనియా రాజు నజాషీ కొలువులో, మక్కా దూతలు తమను అప్పగించమని కోరుతుండగా, హజ్రత్ జాఫర్ (రజి) తర్కం ఎత్తుకోలేదు. మేము ఇదివరకు ఎలా బతికేవాళ్లమో, బలహీనులను ఎలా పీడించేవాళ్లమో, ప్రవక్త (స) వచ్చాక నిజాయితీ, బంధుప్రేమ, పొరుగువారి హక్కులు ఎలా నేర్చుకున్నామో చెప్పారు. ఆ తర్వాత, క్రైస్తవుడైన ఆ రాజు గౌరవించే మర్యమ్ (అలై) ప్రస్తావన ఉన్న సూరాను వినిపించారు. మదీనాలో హజ్రత్ ముస్అబ్ (రజి) మీదికి ఉసైద్ బిన్ హుదైర్ బల్లెం పట్టుకుని వచ్చాడు. కాసేపు కూర్చుని వినండి, నచ్చకపోతే మానేస్తామని ముస్అబ్ (రజి) నెమ్మదిగా అన్నారు. ఉసైద్ బల్లేన్ని నేలలో గుచ్చి కూర్చున్నాడు, విశ్వాసిగా లేచాడు. వినేవాడి గౌరవానికి రెండుచోట్లా భంగం కలగలేదు. కాదనే స్వేచ్ఛ అతనికే మిగిలింది.

కాబట్టి వాదనలు నేర్చుకుందాం. సందేహాలనే ముళ్లు తీయడానికి అవి కావాలి. కానీ ముళ్లు తీసినంత మాత్రాన చేను పండదు, విత్తనం వేరే వేయాలి. ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కారు. 1920ల్లో వెలువడిన ఆ పుస్తకం ఎవరినీ ఓడించడానికి రాలేదు, చదువుకోవడానికి వచ్చింది. మన పొరుగువారికి మంచి తెలుగులో అందే పుస్తకం, పిల్లల ప్రశ్నను కోప్పడకుండా చివరిదాకా వినే ఉస్తాదు, మతం అడగకుండా మందులిచ్చే వైద్యశాల, ఇవన్నీ దాతల సొమ్ముతో వేసే విత్తనాలే.

మౌలానా కైరానవీ విషయం ఇంకొకటుంది. 1857 తర్వాత ఆంగ్లేయులు ఆయన ఆస్తిని వేలం వేశారు. ఆయన మక్కా చేరి, కలకత్తాకు చెందిన సౌలతున్నిసా అనే దాత ఇచ్చిన ధనంతో ఒక మదర్సా స్థాపించారు. ఆమె పేరుతోనే వెలసిన ఆ మదర్సా సౌలతియా ఈనాటికీ ఉంది. ఆగ్రాలో ఎవరు గెలిచారన్న తగవు ఇంకా తేలలేదు. మక్కాలో మాత్రం ఆనాటి నుంచీ తరతరాల పిల్లలు చదువుకుంటూ వచ్చారు. మన సొమ్ము ఎటు వెళ్లాలో నిర్ణయించేటప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. అల్లాహ్ మన సదఖాలను స్వీకరించుగాక. ఆమీన్.